సముద్రానికి తలుపుల వార్నిష్

ఇన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మోస్తున్నానంటే గొప్ప చెప్పుకున్నట్టు ఉంది. దాస్తున్నాను, అంతే. పేరు రాయను. మావాళ్లు చదివితే ఎలాగూ పోల్చుకుంటారు. మీరు నన్నెరగరు కాబట్టే మీ ముందు నోరు విప్పగలుగుతున్నాను.

మా అక్క భర్త, నేను కలిసి శ్రీకాకుళంలో సైన్‌బోర్డులు రాసేవాళ్లం. బొమ్మా అక్షరాలూ బావవి. ఆఖరున వార్నిష్ పూత మాత్రం నాది. ఆ వాసన అతనికి పడదు. ఆదివారం ఇద్దరం కళింగపట్నం పోయి సముద్రం బొమ్మలు వేసేవాళ్లం. బావ దగ్గర పాతకాలపు ఐరోపా సముద్ర చిత్రాల అచ్చులు కొన్ని ఉండేవి. వాటిలో నీళ్లు నీలంగా ఉండవు. పొగరంగు, రాగిరంగు, మబ్బు చీల్చుకుని దూకే వెలుగు. మన సముద్రాన్ని అలా వెయ్యాలని అతని పిచ్చి. నాకు నీలం తప్ప ఏమీ కనపడేది కాదు.

ఒకరోజు టీ బడ్డీ దగ్గర, పడవల వాళ్లందరి ముందు, నా బొమ్మ పైకెత్తి చూపించాడు.

"ఏటిరా బామ్మర్దీ ఇది? సముద్రమా, సున్నంలో నీలిమందు కలిపినావా? ఇందులో సేపనొదిలితే సచ్చిపోతాదిరా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత పెళ్లిళ్లలో, చుట్టాల మధ్య, నా భార్య ఎదుట అదే మాట ఎన్నిసార్లన్నాడో. అతను అబద్ధం చెబితే అంత మండేదా? ఉన్నమాట అన్నాడు కాబట్టే మండిందేమో.

కొన్నాళ్లకు ఊళ్లో కొత్తగా కట్టిన కల్యాణమండపం హాలుకి అతను పెద్ద బొమ్మ వేశాడు. తుఫాను ముందరి కళింగపట్నం. పైనంతా ఇంకురంగు మబ్బు. కింద, నీళ్లు ఆకాశాన్ని తాకేచోట, కత్తితో కోసినట్టు సన్నటి వెలుగు. ఆ వెలుగు కోసం ముందు తెలుపు పూసి, ఆరాక దానిమీద నీళ్లలా పలచటి పసుపు, మళ్లీ ఆరనిచ్చి గులాబి, పొరమీద పొర వేశాడు. కెరటాల అంచులు లోపల దీపం పెట్టినట్టు ఉండేవి. ఒక్క చిన్న పడవ ఆ వెలుగు వైపు పోతోంది. చేరుతుందో మునుగుతుందో తెలియదు. దాని ముందు నిలబడితే నాకు ఊపిరాడలేదు. అలాంటిది చూసి సంతోషించలేని మనిషిని ఏమనాలి?

నెలల తరబడి ఆరనిచ్చి, విశాఖపట్నం నుంచి ప్రత్యేకంగా బొమ్మలకు వాడే వార్నిష్ తెప్పించి నా చేతికిచ్చాడు. నీళ్లలా తేటగా ఉందది. నేను దాన్ని పక్కన పెట్టేశాను. తలుపులకు పూసే వార్నిష్ డబ్బా తెరిచాను. అది ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి, గోధుమరంగుకి తిరుగుతుందని నాకు తెలుసు. తుడవబోతే కింద ఉన్న పలచటి పొరలు కూడా ఊడివస్తాయని తెలుసు. తెలిసే, చాలా శ్రద్ధగా, బుడగ లేకుండా పూశాను. నా జీవితంలో అంత చక్కటి పూత ఇంకెప్పుడూ వెయ్యలేదు.

ఆరోజు బొమ్మ తళతళలాడింది. బావ నా భుజం తట్టాడు. అయినా మనసు మారలేదు.

ఏళ్లు గడిచాయి. అదే హాల్లో అతని కూతురి పెళ్లి జరిగింది. అప్పటికి ఇంకురంగు మబ్బు పాకుడు రంగుకి తిరిగింది. వెలుగు చచ్చిపోయింది. పెళ్లివారిలో ఒక పెద్దాయన బొమ్మకేసి చూసి, "ఏటి మావా, నీ సముద్రంలోకి వంశధార వరద నీరొచ్చీసినాదేటి?" అన్నాడు. హాలంతా నవ్వు. బావ నన్ను పక్కకు లాక్కెళ్లాడు.

"ఒరే, నిజం సెప్పు. నానేటి తప్పు సేసినాను?"

అప్పుడు చెప్పొచ్చు. చెప్పాల్సింది అప్పుడే.

"నీ తెలుపే బావా. మంచి సరుకు కాదది. పసుపెక్కిపోనాది."

"మరి అప్పుడే సెప్పలేదేటి?"

"సెప్తే ఇంటావేటి నువ్వు?"

అతను తలదించుకున్నాడు. ఎవరి ముందూ దించని తల. నేను వెళ్లి పంక్తిలో కూర్చుని బూరెలు రెండోసారి వడ్డించుకుని తిన్నాను. వార్నిష్ పూసింది కోపంలో అనుకుంటే, మరి ఆ బూరెలు ఏ కోపంలో తిన్నాను?

ఆ తర్వాత బావ కుంచె పట్టలేదు. ఇప్పుడు ఫ్లెక్సీల దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చుంటాడు. ఎవరైనా బొమ్మ వెయ్యమని అడిగితే, "నాకు రంగులు తెలవ్వు బాబూ" అంటాడట. అక్క చెప్పింది. నేను ఊఁ కొట్టాను.

ఇప్పుడు పశ్చాత్తాపంతో అతని మీద ప్రేమ పుట్టిందని రాస్తే, మీకు కూడా అబద్ధం చెప్పినట్టవుతుంది. ఈరోజుకీ అతనంటే నాకు గిట్టదు. జనం ముందు నన్ను నవ్వులపాలు చెయ్యడం అతని తప్పే. కానీ దానికి బదులుగా నేను తీసుకున్నది అతని పరువు కాదు, అతని చెయ్యి. రెండూ తూకానికి సరిపోతాయా? సరిపోవని తెలిసీ ఇన్నేళ్లు తూస్తూ కూర్చున్నాను.

ఇది పత్రికలో అచ్చయితే ఒక ప్రతి తీసుకెళ్లి అతని కౌంటరు మీద పెట్టి వస్తాను. అతను క్షమించే రకం కాదు. నేనూ అడగను. అక్క మా గుమ్మం తొక్కకపోవచ్చు. తొక్కక్కర్లేదు.

బావా, నీ తెలుపు మంచిదే. వార్నిష్ నేను పూశాను. తెలిసి పూశాను.