గాలిని పొమ్మనని లచ్చవ్వ

మే నెల గాలికి, ఇప్పుడుంటున్న కోరుట్లలో మా మేడ మీద ఆరేసిన చీరలు టపటపా కొట్టుకుంటాయి. ఆ చప్పుడు వింటే చాలు, నీళ్ల మీద లచ్చవ్వ పక్కన కూర్చున్నట్టే ఉంటుంది నాకు.

సిరిసిల్ల దగ్గర డ్యాం కట్టినప్పుడు మా ఊరు మునిగింది. మామిడిచెట్లున్న గుట్ట మాత్రం నీళ్ల నడుమ దీవిలా మిగిలింది. కొత్త కాలనీలో మా పక్కింటి లచ్చవ్వ చేపల పడవ నడిపేది, పాత చీరనే తెరచాపగా కట్టుకుని. ఒక ఏడు తొక్కు పచ్చడికి గుట్ట మీది మామిడికాయలు తెద్దామని నన్నూ ఎక్కించుకుంది. నాలుగు నెలల నా బిడ్డను అత్త దగ్గర పడుకోబెట్టి, ఇంతలో వస్తానని వెళ్లాను.

కాయలు తెంపేలోగా గాలి లేచింది. లచ్చవ్వ తెరచాప చీర దించి, పడవను గుట్ట చాటుకు తెచ్చి, లంగరు రాయి నీళ్లలోకి జారవిడిచింది. పొద్దు వాలుతున్నా గాలి తగ్గలేదు. నా రవిక పాలతో తడిసిపోయింది. డబ్బా పాలు నోట పెట్టని పిల్ల నాది.

“పోదాం లచ్చవ్వా, పొల్ల ఏడుస్తుంటది.”

“పో అనకు బిడ్డా. గాలి తననే అన్నరనుకుంటది. అల్లుని లెక్క అది. పొమ్మన్నమా, అలిగి ఇంకింత కూసుంటది.”

ఏడుస్తూనే నవ్వాను.

“పాలు పిండుకో, జరమొస్తది” అని కొంగు రెండు చేతులా పట్టి, ఊగే పడవలో నాకు మరుగుగా నిలబడింది. ఏం కాదులే అని మాత్రం ఒక్కసారీ అనలేదు.

చీకటి పడే వేళకు గాలి తగ్గింది. ఒడ్డు చేరగానే ఇంటికి ఉరికాను. పిల్ల నిండు పొట్టతో నిద్రపోతోంది.

“లచ్చవ్వ కోడలు బాలింతే గదా, మన ఇంటికచ్చి పాలిచ్చింది” అంది అత్త. “మీరు రాకపోతే చూడుమని లచ్చవ్వ ముందే చెప్పిందట. మంది పాలెందుకని మొదలు నేను వద్దన్న. ఏడుపు ఆగకపాయె, ఏం జేయాలె.”

మర్నాడు లచ్చవ్వతో కొట్లాడాను. “పడవల నాకో మాట చెప్తే ఏంబోయె?”

“కోడలు పోయిందో లేదో, మీ అత్త రానిచ్చిందో లేదో, నాకేం ఎర్క? నాకే లేని ధైర్నం నీకెట్ల చెప్పాలె?”

అప్పటి నుంచి ఎవరికీ ఉత్త ధైర్యం చెప్పలేను. పోయినేడు లచ్చవ్వ జబ్బుతో జగిత్యాల ఆసుపత్రిలో ఉంటే చూడటానికి వెళ్లాను.

“తగ్గుతదంటవా?” అని అడిగింది.

“ఎర్కలేదు లచ్చవ్వా. నేనైతే ఈడ్నే ఉంట.”

లచ్చవ్వ మంచం మీద కొంచెం జరిగి, నాకు చోటిచ్చింది.