ఉగ్గుగిన్నె ఇచ్చిన మేనమామ

బహ్రెయిన్‌లో నేను పెద్ద హోటల్లో చీఫ్ కుక్‌గా చేశానని మా వీధిలో అందరికీ చెప్పాను. అది అబద్ధం. బుదైయాలో ఒక జర్మన్ ఇంజినీరుగారి విల్లాలో వంటవాణ్ణి. ఈసారి ఉన్నదున్నట్టు రాద్దామని కూర్చున్నాను. మధ్యలో చెయ్యి జారితే నేనే పట్టుకుంటాను.

అవి తొంభైల నాటి రోజులు. ఇంజినీరుగారి భార్యకి తన పూర్వీకుల మీద ధ్యాస. ఆవిడ అమ్మమ్మ తల్లిదండ్రులు జర్మనీ వదిలి, మిషను పని మీద వచ్చి గోదావరి ఒడ్డున కాపురం పెట్టారట. అమ్మమ్మ అక్కడే పుట్టి, చిన్నతనంలోనే జర్మనీ చేరిందట. భోజనాల బల్ల మీద పెద్ద కాగితం పరిచి, గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కో పేరు రాసుకునేది మేడమ్. జర్మనీ చర్చిల నుంచి ఉత్తరాలొచ్చినప్పుడల్లా ఒక గడి నిండేది.

ఒకరోజు వెండిగిన్నె ఒకటి తెచ్చి చూపించింది. చిన్నది, కొంగముక్కులాంటి ముక్కు. అమ్మమ్మ దాచుకున్నదట. వాళ్లింట్లో అందరూ దాన్ని దీపమనుకున్నారు. ఒత్తి ఎక్కడ వెయ్యాలో మూడు తరాలుగా ఎవరికీ అంతుపట్టలేదు.

"దీపం కాదు మేడమ్, ఉగ్గుగిన్నె. చంటిపిల్లలకి ఉగ్గు పోసేది. మా ఇళ్లలో మేనమామ ఇస్తాడు. అంటే తల్లి తోడబుట్టినవాడు" అన్నాను, నా వచ్చీరాని ఇంగ్లీషులో.

ఆవిడ కళ్లు మెరిశాయి. అక్కడితో ఆగితే నేను మనిషినే. అమ్మమ్మ పుట్టిందని ఆవిడ చెప్పిన ఊరు మా ఊరికి బస్సులో గంట. "ఆ ఊరి చర్చిలో గంట కొట్టింది మా తాతే మేడమ్" అనేశాను. మా తాత ఏ చర్చి గుమ్మమూ తొక్కలేదు.

తోటపని చేసే కరీంనగర్ అతను కిటికీ బయట నుంచి విన్నాడు. "ఏం కాకా, మేడమ్‌కు చుట్టమైతున్నవా ఏంది? గట్లనే చెప్పుకుంట పో, రేపు విల్లా నీ పేరు మీద రాస్తది" అన్నాడు.

నేను సెలవు మీద ఊరెళ్లేటప్పుడు మేడమ్ ఆ చర్చి పాస్టరుగారికి ఉత్తరం రాసిచ్చింది. రిజిస్టరులో అమ్మమ్మ బాప్తిస్మం వివరాలు నకలు తీసుకురమ్మంది.

మూడుసార్లు వెళ్లానని తర్వాత ఆవిడతో చెప్పాను. వెళ్లింది ఒక్కసారి, అదీ గేటు దాకా. పాస్టరుగారు పక్క ఊరెళ్లారు, రేపు రమ్మన్నాడు వాచ్‌మన్. ఆ రేపు మా బావమరిది ఇంట్లో పేకాటకి కూర్చున్నాను. నెల అలాగే గడిచింది. ప్రయాణం రెండు రోజులుందనగా టైపు ఇన్‌స్టిట్యూట్‌కి పోయి, రిజిస్టరు నకలు నేనే చెప్పి కొట్టించాను. అక్కడి మాస్టారు దాన్ని ఇంగ్లీషు చేశారు.

బాప్తిస్మంలో బిడ్డని ఎవరు పట్టుకుంటారో నాకేం తెలుసు? మా ఇళ్లలో పుట్టువెంట్రుకలకైనా, చెవులు కుట్టడానికైనా బిడ్డ మేనమామ ఒళ్లో ఉండాలి. కాబట్టి జర్మనీ బిడ్డనీ మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాను. ఉగ్గుగిన్నె కూడా ఆయన చేతే ఇప్పించాను. పేరు మాత్రం రాయించలేదు. జర్మనీ పేర్లు నాకు రావు.

మేడమ్ ఆ కాగితం రెండుసార్లు చదివింది. "అయితే అమ్మమ్మ వాళ్లమ్మకి తమ్ముడున్నాడా? ఆయన కూడా వచ్చాడా అక్కడికి?" అంది. ఆ సాయంత్రమే పెద్ద కాగితం మీద కొత్త గడి గీసి, లోపల ప్రశ్నార్థకం పెట్టింది.

ఆ గడి నింపడానికి ఆవిడ జర్మనీలో ఎన్ని చర్చిలకి రాసిందో. అలాంటి తమ్ముడెవరూ తమ రిజిస్టరులో లేడని జవాబొస్తే పక్క ఊరి చర్చికి రాసేది. నేను కాఫీ పెట్టి, ఆ గడి వైపు చూడకుండా వచ్చేసేవాణ్ణి.

ఒకరోజు ఫోను పెట్టేసి వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. జర్మనీలో వాళ్లమ్మ మంచం మీదుంది, మతిమరుపు. "మా అమ్మకి గుర్తొచ్చింది. చిన్నప్పుడు పెద్ద మీసాల ముసలాయన ఒళ్లో కూర్చోబెట్టుకునేవాడట. ఆయనే" అంది. ఆవిడ ఏడుస్తోంది, నవ్వుతోంది.

మేడమ్ కాళ్ల మీద పడి ఒప్పుకున్నానని తర్వాత మా ఆవిడకి చెప్పాను. కాళ్ల మీద పడలేదు. సింకు వైపు తిరిగి, కడిగిన కప్పునే మళ్లీ కడుగుతూ చెప్పాను. "ఆయన లేడు మేడమ్. నేనే రాయించాను."

ఆవిడ చెయ్యి చాపి కుళాయి కట్టేసింది.

"చర్చికి అసలు వెళ్లావా?"

"గేటు దాకా."

"మా అమ్మకి ఇప్పుడు నేనేం చెప్పను?"

నేను కప్పు బోర్లించాను.

ఆవిడ లోపలికెళ్లి ఉగ్గుగిన్నె తీసుకుని నా ముందు నుంచే తోటలోకి నడిచింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. కరీంనగర్ అతని ముందు గిన్నె పట్టుకుని, ఇది ఏమిటని అడిగింది.

అతను మట్టి చేతులు లుంగీకి తుడుచుకుని గిన్నె అందుకున్నాడు. "హా మేడమ్, బచ్చేకా. దూధ్ పిలానేకా" అంటూ గిన్నె ముక్కు దగ్గర వేలు పెట్టి, చంటిబిడ్డకి పాలు పట్టడం చూపించాడు.

ఒప్పుకోక ముందు ఆ ఇంట్లో నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అది. దానికి కూడా ఇంకొకడి సాక్ష్యం కావలసి వచ్చింది. అతను గిన్నె తిరిగిచ్చి కిటికీ వైపు చూశాడు. తర్వాత అటు తిరిగి మొక్కలకి నీళ్లు పెట్టుకున్నాడు.