నాలుగింటి స్నానాలు

పొద్దున్నే లేవడం మంచి అలవాటని చిన్నప్పటినుంచీ నాకు చెప్పనివాళ్లు లేరు. నేను విననూ లేదు. రాజమండ్రిలో పుట్టి పెరిగినన్నాళ్లూ సూర్యోదయం చూసింది మహా అయితే నాలుగుసార్లు, అదీ రైలు ప్రయాణాల పుణ్యమా అని. పెళ్లయి కోనసీమలో అత్తవారింటికి వచ్చాక కూడా బారెడు పొద్దెక్కితే గాని కన్ను తెరిచేదాన్ని కాదు. మా అత్తగారు నా పేరు వాడడం మానేసి, ‘కుంభకర్ణుడి చెల్లెలు లేచిందా?’ అని మా ఆయన్ని అడిగేవారు. నాకేం కోపం వచ్చేది కాదు. నిజమే కదా అనుకుని ఇంకో పక్కకి తిరిగి పడుకునేదాన్ని.

డెబ్బైల చివర్లో, ట్రైనింగు పూర్తిచేసి రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగాక, పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. దసరా సెలవులయ్యాక చేరమన్నారు. తీరా చూస్తే బడి గోదావరి మధ్య లంకలో ఉంది. బస్సు దిగి, ఇసకలో మైలు దూరం నడిచి, పడవెక్కి పాయ దాటాలి. గోదావరి ఒడ్డున పుట్టినదాన్నే గాని నాకు ఈత రాదు, నీళ్లంటే చచ్చేంత భయం. మొదటిరోజు పడవ కదలగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కనున్న కూరగాయలావిడ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, ‘పంతులమ్మగారూ, నా గాజులు చిట్లిపోతాయండి’ అంది పాపం. వారం తిరక్కుండా రాజీనామా కాగితం రాసేశాను.

మా ఆయన తాలూకాఫీసులో గుమాస్తా. ‘నీ ఇష్టం’ అన్నారు, అంటే ఆయనకి ఇష్టం లేదన్నమాట. అత్తగారు మాత్రం కాగితం చదివించుకుని, నాలుగు మడతలు పెట్టి, బియ్యం డబ్బా కింద దాచారు.

‘ఊరంతా మా కోడలు పంతులమ్మ అని చెప్పుకున్నానే అమ్మాయ్. ఇప్పుడు నీళ్లకి జడిసి మానేసిందని చెప్పమంటావా?’

‘మీకేమండీ, గట్టు మీద కూర్చుని ఎన్నైనా చెప్తారు’ అన్నాను ఉక్రోషంగా.

‘ఎల్లుండి నించి కార్తీకం. నాలుగింటికి లే. స్నానానికెళ్దాం.’

మా పెరటి చివరే పంట కాలువ, దిగడానికి నాలుగు రాతిమెట్లు. కార్తీక స్నానమంటే మూడు మునకలే కదా అని నిద్రమత్తులో తూలుతూ వెళ్లాను. చూస్తే ఆవిడ చేతిలో దీపంతో పాటు పీచు డొక్క తీయని ఎండు కొబ్బరికాయలు రెండున్నాయి. పైన పీచు కాస్త లాగి రెంటినీ జతగా ముడేశారు. ‘ఇది రొమ్ము కింద పెట్టుకో, మునగనివ్వదు. కాళ్లు ఆడించు’ అన్నారు. అప్పటికి గాని అసలు సంగతి బోధపడలేదు. అక్కడ పిల్లలకి అయిదారేళ్లకే అలా ఈత నేర్పేస్తారట. నాకు ఇరవయ్యారు. తెల్లవారితే అవతలి గట్టు మీదికి గేదెలూ, వాటి వెనక మనుషులూ వస్తారు. కొబ్బరికాయలు కౌగిలించుకుని కప్పలా తన్నుకుంటున్న పంతులమ్మని వాళ్లు చూస్తే ఇంకేమైనా ఉందా? అందుకే ఆ నాలుగింటి ముహూర్తం.

మొదటి వారం నేను తాగేసిన నీళ్లు కాలువలోనే ఉంటే ఇంకో ఎకరం పండేది. అత్తగారు మెట్టు మీద నిలబడి, ‘తల ఎత్తకు, నడుం వదులు చెయ్యి, రోలులా బిగుసుకుపోతే ఎలాగే’ అని సణిగేవారు. పన్నెండో రోజో ఎప్పుడో, వెలుగు రేఖలు వస్తున్న వేళ, పీచు ముడి వీడిపోయింది. నేను మెట్టు పట్టుకుని బతికిపోయాను గాని కాయలు రెండూ వాలుకి కొట్టుకుపోయాయి. ‘పోతే పోయాయి లెండి’ అనబోయాను. అప్పటికే ఆవిడ కచ్చ పోసి, కొంగు నడుముకి బిగించి నీళ్లలోకి జారారు. చప్పుడైనా కాలేదు. అరవయ్యేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులని రోజూ నాచేత తైలం రాయించుకునే మనిషి, బారలు వేసుకుంటూ కాలువ మలుపు దాకా వెళ్లి రెండు కాయలూ తెచ్చేశారు. నేను నోరెళ్లబెట్టి చూస్తున్నాను. ఆవిడ ఆయాసపడుతూనే నవ్వుతున్నారు. కాపురానికొచ్చిన మూడేళ్లలో ఆవిడ అలా నవ్వగా నేను చూడలేదు.

‘పెళ్లికి ముందు ఈదాను. నలభై ఆరేళ్లయింది’ అన్నారు.

‘మరి ఇన్నాళ్లూ ఎందుకు దిగలేదండీ? కాలవ మన పెరట్లోనే ఉందిగా.’

‘నేనొక్కదాన్నీ వచ్చి ఈదుతూ కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారే?’

ఆ మర్నాటినుంచీ పాఠం నీళ్లలోనే. కార్తీకం అయిపోయింది. నా ఈత ఇంకా కుక్కీత దగ్గరే ఉంది. పక్కింటావిడ గోడమీంచి, ‘ఇంకా స్నానాలేనా పిన్నిగారూ?’ అని అడిగితే నాకు దొంగకి తేలు కుట్టినట్టయింది. అత్తగారు తొణకలేదు. ‘ధనుర్మాసం వస్తోంది కదమ్మా’ అన్నారు. ఆ తర్వాత మాఘస్నానాలు. ఫాల్గుణానికి ఏ స్నానాలూ దొరక్క, ‘మొక్కుకున్నాను’ అనేశారు. ఊళ్లో నాకు మహాభక్తురాలని పేరొచ్చింది. వ్రతాలకి ముందు నన్నే పిలిచి కూర్చోబెట్టేవారు. నవ్వాపుకోలేక చచ్చేదాన్ని.

ఫాల్గుణంలోనే ఒకరోజు పాయ నడుమ పడవ ఒక పక్కకి ఒరిగిపోయింది. కూరగాయలావిడ బుట్టలో వంకాయలు నీళ్లపాలయ్యాయి. ఈసారి ఆవిడే నా చెయ్యి పట్టుకుంది. నేను మాత్రం ఏ ఒడ్డు దగ్గరా, ఎటు ఈదాలా అని చూసుకుంటున్నాను. అంతలో పడవ సర్దుకుంది. అవతలి ఒడ్డుకి చేరాక తెలిసింది, నాకు భయం వెయ్యలేదని. ఆ సాయంత్రం ఇంటికొచ్చి బియ్యం డబ్బా కింది కాగితం తీసి పొయ్యిలో పెట్టాను. అత్తగారు చూసి, ‘పాలు కాగాయేమో చూడు’ అన్నారు, అంతే. కానీ ఆ పూట నాకు రెండు గరిటెల నెయ్యి పడింది.

ఎండాకాలం రాగానే ఎప్పట్లాగే కాలువలు కట్టేశారు. నేను మళ్లీ బారెడు పొద్దెక్కేదాకా పడుకున్నాను. అత్తగారికి మాత్రం ఏమీ తోచలేదు. రోజూ ఓసారి పెరటి చివరికి వెళ్లి బురద చూసి వచ్చేవారు. మోకాళ్ల నొప్పులు తిరగబెట్టాయి. నీళ్లు వదిలారని తెలిసిన రోజున ఊళ్లో పిల్లలకన్నా ముందు మెట్ల దగ్గరికి పరిగెత్తింది ఆవిడే.

బడులు తెరిచిన నెలకే నాకు మా ఊరి బడికే బదిలీ అయింది. ఇంటినుంచి అయిదు నిమిషాల నడక. మా ఆయన సంబరపడిపోయి, ‘ఇంక పడవా లేదు, ఈతా లేదు. హాయిగా పడుకో’ అన్నారు. నాకూ సంతోషంగానే ఉంది. ఆయన తెచ్చిన మిఠాయి తిని చెయ్యి కడుక్కోవడానికి లేచేసరికి, అత్తగారు మునికాళ్ల మీద నిలబడి కొబ్బరికాయల జతని అటక మీదికి తోస్తున్నారు. నన్ను చూసి, ‘దారికి అడ్డం కదూ’ అన్నారు. ఆ గొంతు విని నాకు తిన్న మిఠాయి చేదైపోయింది.

మర్నాడు నన్నెవరూ లేపలేదు. నాలుగింటికి నాకే మెలకువ వచ్చేసింది. నా జన్మలో నా అంతట నేను లేవడం అదే మొదలు. వెళ్లి చూస్తే ఆవిడ మంచం మీద కళ్లు తెరుచుకునే ఉన్నారు.

‘ఏంటే అమ్మాయ్, ఒంట్లో బాలేదా?’

‘లేవండి అత్తయ్యగారూ. స్నానానికెళ్దాం.’

‘ఆషాఢంలో స్నానాలేంటే?’

‘నేను మొక్కుకున్నానండి. వెల్లకిలా ఈత వచ్చేదాకా.’

‘అది నీకు మాఘంలోనే వచ్చిందిగా.’

‘మళ్లీ మర్చిపోయానండి.’

 ఆవిడ లేచి, జుట్టు ముడేసుకుంటూ, నాకన్నా ముందే పెరటి గుమ్మం దాటారు.

పదకొండేళ్ల పాటు నాకు వెల్లకిలా ఈత రాలేదు.