ముడి దాటితే వద్దు

నారాయణరావుపేట సాయవ్వకు ఏది కనపడినా కొలవాలి. టేపులూ స్కేళ్లూ ఆమెకు ఆనవు. నడుముకు చుట్టుకున్న నులకతాడు, దానికో ముడి, అంతే సరంజామా. తాడు కొసను బొటనవేలితో నేలకు తొక్కిపట్టి పైకి లాగుతుంది. ముడికి లోపల ఉంటే మంచిది. దాటిందా, అది బంగారమైనా సాయవ్వకు అక్కర్లేదు.

వింతేమిటంటే ఆమె ఆరడుగుల మనిషి. ముడేమో ఆమె ఛాతీ దగ్గరే ఆగిపోతుంది.

"మల్లయ్యా, గా సబ్బులు కిందికి దించు. ముడి దాటినయ్," అంది ఒకరోజు కిరాణా కొట్లో.

"నీ చెయ్యి నా దుకాణం కప్పుకు తగుల్తది గదా సాయవ్వా! నీకేం తక్లీఫ్?" అన్నాడు రాజమల్లయ్య.

"నాకు నచ్చలె. దించు."

దించాడు. దించకపోతే పొద్దుగూకేదాకా కొట్టు ముందు తాడు పట్టుకుని నిలబడుతుంది మరి. రోజారాణి ఇంట్లో బట్టల దండెం కూడా అలాగే రెండు జానలు దిగింది. పాపం, ఆమె మొగుడు ఇప్పటికీ దాని కింద వంగి నడుస్తున్నాడు.

ఊళ్లో అందరికంటే గట్టిగా వెక్కిరించేది రోజారాణి అత్త సుమిత్రమ్మ. సాయవ్వ కూలి గుంపులో పాతికేళ్ల జోడీ.

"తాడు పిచ్చి లేసిందే అక్కా నీకు! రేపు నన్ను గూడ కొలుస్తవా ఏంది?"

"నిన్ను ఎప్పుడో కొలిసిన తియ్," అనేది సాయవ్వ. గుంపంతా పడీపడీ నవ్వేది.

ఇలాంటి మనిషి చేతిలో పడింది మైత్రి నాలుగేళ్ల కష్టం. మైత్రి సిద్దిపేట నుంచి వచ్చే కంది శాస్త్రవేత్త. పచ్చికాయ కోతకని నాలుగు కొత్త రకాలు తయారుచేసి ఆ ఊరి రైతు దామోదర్ చేన్లో నాలుగు వరుసలు వేయించింది. వాటిలో ఒక్కటే ముందుకు పోతుంది. అదేదో కాయ తెంపే ఆడవాళ్లే చెప్పాలని పైవాళ్ల మాట. నచ్చిన వరుస మొదట్లో పాతిన కర్రకు ఒక్కొక్కరూ రిబ్బను కట్టాలి. మైత్రి ప్రాణమంతా నాలుగో వరుస మీదే ఉంది. అది విరగకాసింది.

సాయవ్వ తాడు తీసింది.

"ముడి దాటింది. వద్దు."

"అవ్వా, గుత్తులు సూడవ్వా! ఎంత మంచిగ కాసిందో!"

"కాత మంచిదే బిడ్డా. అంత కొనకు కాసింది. వద్దు."

ఎంత నవ్వుకున్నా కోత దగ్గర సాయవ్వ మాటే గుంపు మాట. పన్నెండు రిబ్బన్లలో పదకొండు పొట్టిగా ఉన్న రెండో వరుసకు పోయాయి. నాలుగో వరుసకు కట్టింది సుమిత్రమ్మ ఒక్కతే. "నాకేం తక్కువ? నేను తెంపుత," అని అక్కడే కోతకు దిగింది.

మైత్రికి ఏడుపొచ్చింది. నాలుగేళ్ల పని నులకతాడు పాలైంది! గట్టు మీద కూలబడి సుమిత్రమ్మనే చూస్తూ కూర్చుంది. ఆ ఒక్క ఓటూ ఆమెదే కదా.

సుమిత్రమ్మ కుడిచెయ్యి పైకి లేచి, ఒకచోట ఆగింది. ముఖం ముడుచుకుపోయింది. వెంటనే పెద్దగా నవ్వుతూ ఏదో కబుర్లో పడి, ఎడమచేత్తో కొమ్మ వంచింది. మళ్లీ కుడిచెయ్యి లేపింది. మళ్లీ అక్కడే ఆగింది. సరిగ్గా సాయవ్వ ఛాతీ ఎత్తున.

మైత్రి లేచి సాయవ్వ దగ్గరికి పోయింది. "అవ్వా, గా ముడి..."

"మెల్లగ!" సాయవ్వ గొంతు తగ్గించింది. "రెండేండ్లాయె, బాయి కాడ జారిపడ్డది. భుజం లేస్తలేదు. ఎవ్వలకు చెప్పది, నాకు గూడ. ఊరంత పొడుగు కంది ఏస్తే అది ఇంట్ల కూసుంటది. అది లేకుంటే నాకు చేన్ల పొద్దు పోదు బిడ్డా."

"మరి అందరు నిన్ను పిచ్చిదంటున్నరు గదా?"

"అననియ్. నన్ను సూసి నవ్వినంతసేపు దాని చెయ్యి దిక్కు ఎవ్వలు సూడరు."

మైత్రికి నాలుగో వరుస మీద దిగులు పోలేదు గానీ సాయవ్వ మీద కోపం మాత్రం పోయింది. రిపోర్టులో రెండో వరుస పేరే రాసింది. నాలుగోదాని కాతను రెండోదాని ఎత్తుకు దించాలని రెండింటినీ కలిపే పని మొదలుపెట్టింది. అది తేలడానికి ఇంకా ఏళ్లు పడుతుంది.

మరుసటి వానాకాలం పైరు ఎదిగాక మైత్రి మళ్లీ చేన్లోకి దిగింది. తన నడుముకూ చుట్టుకున్న ముడి నులకతాడు విప్పి, కొసను బొటనవేలితో తొక్కిపట్టి, మొక్క పక్కన పైకి లాగింది.

సుమిత్రమ్మ నెత్తి కొట్టుకుంది.

"అయ్యో, సూడుండ్రే! సదువుకున్న పిల్లకు గూడ అంటిచ్చింది మా అక్క!"

గుంపంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా సాయవ్వే నవ్వింది.