ఎర్తు గుంతకు పోయని నీళ్ళు

నా ట్రాన్స్‌మిటర్ మొదట ఒక ఓడరేవు కార్యాలయంలో పనిచేసిందట. అక్కడ కాలం చెల్లి పాత ఇనుములోకి పోతుంటే నేను తెచ్చుకున్నాను. బీరువా అంత పెట్టె. సరదా కొద్దీ ఇళ్ళనుంచే ఒకరితో ఒకరం మాట్లాడుకునే హ్యామ్ రేడియో వాళ్ళ తరంగాలకు దాన్ని మార్చి, కడపలో మా మిద్దె మీది గదిలో నిలబెట్టింది ఒక అన్న. కమలాపురంలో మోటార్లు చుట్టే అంగడి ఆయనది. నేత ఇంట్లో పుట్టిన మనిషి. రాగి గొట్టాన్ని ఆయన కాయిల్‌గా చుడితే చుట్టుకూ చుట్టుకూ నడుమ ఎడం వెంట్రుకవాసి కూడా మారదు.

బిగింపు ముగిసిన రోజు పెరట్లో గుంత తీసి, ఉప్పూ బొగ్గులూ వేసి, రాగి రేకు పాతి, దానికి ఎర్తు తీగ కట్టాడు.

"ఇది మన నేలప్పా. ఎండాకాలం వస్తే రాయి అయితాది, ఎర్తు పట్టదు. దినమూ ఒక బిందె నీళ్ళు పొయ్యి."

"పోస్తాలేన్నా."

చలికాలమంతా పోశాను. ఎండలు ముదిరి కొళాయి మూడు రోజులకొకసారి వచ్చేసరికి నా భార్య, "జనం తాగేదానికి లేక సస్తాంటే గుంతకు తాపే మొగోణ్ణి నిన్నే చూస్తాండా" అంది. నవ్వేసి ఊరుకున్నాను. పోయడం కూడా మానేశాను.

కొన్నాళ్ళకు రేడియోలో నా గొంతు చెడింది. మైకు పెదవికి తగిలితే చురుక్కుమనేది. అవతలివాళ్ళకు నా మాట డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు వినబడేది. అన్న ఐదు ఆదివారాలు బస్సెక్కి వచ్చాడు. వాల్వులు మార్చాడు. కెపాసిటర్లు ఒక్కొక్కటే విప్పి చూశాడు. వచ్చిన ప్రతిసారీ ముందు అడిగేది ఒకటే.

"నీళ్ళు పోస్తాండావా?"

"పోస్తాండా అన్నా."

ఒక్కసారి కూడా పెరట్లోకి పోయి చూడలేదు. నా మాట నమ్మి, లోపం అక్కడ లేదనుకుని, మిగతా అన్నిచోట్లా వెతికాడు. ఒక్క బిందె పోసి ఉంటే సంగతి తేలిపోయేది. తేలితే నా అబద్ధం బయటపడుతుంది. అందుకే పోయలేదు.

పొద్దున ఏడింటికి అన్నతో సహా మేం పది పన్నెండు మందిమి రేడియోలో ఒకేచోట కలుస్తాం. ఒకరు మాట్లాడితే అందరికీ వినబడుతుంది. ఆ వారం ఎవరో అడిగారు: "ఏమప్పా, ఇంకా ఆ గరగరేనా?"

సిగ్గేసింది. నోటికొచ్చింది అనేశాను. "ఏం చేస్తామప్పా. బోరు మోటార్లు చుట్టే చెయ్యి. రేడియోకు చుట్టమంటే యాడొస్తాది?"

 అన్న గొంతు వచ్చింది. "సరేప్పా" అని, రేడియోలో తన గుర్తు అయిన కాల్‌సైన్ చెప్పి సెలవు తీసుకున్నాడు. మళ్ళీ రేడియోలో మాట్లాడలేదు.

ఆయన కాయిల్ పీకేసి నేనొకటి చుట్టాను. గరగర పోలేదు. ఒక సాయంత్రం గాలీ వానా పట్టుకుని పెరడంతా మడుగైంది. మరునాడు ఏమీ ముట్టుకోకుండానే నా గొంతు స్వచ్ఛంగా పలికింది.

"కొత్త చుట్టు అదిరింది గదప్పా!" అన్నారు.

నిండిన గుంత కిటికీలోంచి కనబడుతూనే ఉంది. "ఏదో, కుదిరింది" అన్నాను.

దినమూ చాటుగా గుంతకు నీళ్ళు పోస్తూ, ఆ మెప్పు మోసుకుని రెండేళ్ళు తిరిగాను. మొన్న చలికాలంలో కమలాపురం పోయాను. అన్న ఒక మోటారుకు తీగ చుడుతున్నాడు. తలెత్తలేదు. నిలబడే అంతా చెప్పాను.

"వానకు బాగైందంటే ఎర్తేనని నాకు ఆ పొద్దే తెలిసెప్పా. మాట్లాడేది మానుకుంటి గానీ వినేది మానలేదు." టీ తెప్పించి నా చేతికిచ్చాడు. "అందరూ వినేతట్ల అంటివి. ఈడికొచ్చి నా చెవిలో చెప్తే ఏం లాభం?"

మరునాడు ఏడింటికి అందరూ వినేలా చెప్పాను. నీళ్ళ సంగతి, అబద్ధం సంగతి, వాన సంగతి.  మా గుంపులోని ఎర్రగుంట్ల పెద్దాయన అన్నాడు: "ముందే చెప్పింటే బాగుండు గదప్పా. నీ మాటకు ఆయన చేతి మీద నమ్మకం పోయి మా మోటార్లు ప్రొద్దుటూరుకు ఏసుకపోతి. నేనొక్కణ్ణే గాదు."

 నేనన్నది ఒక్క మాటే అనుకుంటూ వచ్చాను. అది ఆయన అంగడి మెట్ల దాకా పోయి, వచ్చేవాళ్ళను వెనక్కి తిప్పిందని అప్పటిదాకా ఎరగను.

ఆయన చుట్టిన కాయిల్‌నే మళ్ళీ బిగించాను. పొద్దున వరసగా పిలిచే జాబితాలోంచి తీసేసిన ఆయన కాల్‌సైన్‌ను రోజూ పిలవమని అడిగాను. పిలుస్తున్నారు. పిలిచాక కాసేపు ఆగుతారు. ఆ కాసేపూ నేను మైకు కిందపెట్టి, రెండు చేతులతో హెడ్‌ఫోన్ చెవులకు అదుముకుంటాను. ఏమీ రాదు. తర్వాత నా వంతు. బాగా వినిపిస్తాండావప్పా, అంటారు.