బిస్కెట్‌ని ఇంట్లోనే ఉంచండి

2023 వేసవి. డాలస్ పక్కన కాపెల్‌కి దగ్గర్లో ఉన్న ఒక ఎగ్జాటిక్స్ క్లినిక్‌లో నేను వెటరినరీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. జంతువుల ఆస్పత్రిలో నర్సు అనుకోండి. ఎగ్జాటిక్స్ అంటే కుక్కలూ పిల్లులూ పోను తక్కిన పెంపుడు జీవాలన్నీ: కుందేళ్ళు, చిలకలు, తాబేళ్ళు, ఫెరెట్లు. ఫెరెట్‌ని మొదటిసారి చూసిన మనవాళ్ళు ముంగిస అనుకుంటారు. సన్నగా, పొడుగ్గా ఉండి, రోజులో ముప్పాతిక వంతు నిద్రపోయి, మిగతా పావు వంతులో ఇల్లు పీకి పందిరేసే జంతువు అది.

నా పనిలో సగం సూదులూ సెలైన్లూ, మిగతా సగం డబ్బు మాటలు. డాక్టర్ వైద్యం చెప్పి వెళ్ళిపోతారు. అది ఎంతవుతుందో కుటుంబంతో కూర్చుని మాట్లాడేది నేను. కొత్తగా ఫెరెట్‌ని తెచ్చుకున్నవాళ్ళకైతే ఏడాది బడ్జెట్ కూడా నేనే వివరిస్తాను. కొనేటప్పుడు అది చవకే. తర్వాత మాంసంతో చేసిన ప్రత్యేకమైన తిండి, మలమూత్రాల తొట్టెలో పోసే ఇసక లాంటి లిట్టర్, ఏటా డిస్టెంపర్, రేబీస్ టీకాలు, నాలుగేళ్ళు దాటితే వచ్చే గ్రంథుల జబ్బులకి పక్కన పెట్టాల్సిన ఎమర్జెన్సీ ఫండ్. ఇవన్నీ విని ఆలోచించుకుంటామని లేచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళంటే నాకు గౌరవమే.

ఆ మే నెలలో సుధాకర్ గారు, ఎనిమిదో తరగతి చదివే కూతురు నిత్యతో వచ్చారు. ఆయన సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రామ్ మేనేజర్. ఫెరెట్ పేరు బిస్కెట్. పేరు పెట్టింది నిత్య. బిస్కెట్ ఆ అమ్మాయి స్వెట్‌షర్ట్ జేబులో దూరి తోక మాత్రం బయటపెట్టి కూర్చుంది. ఆయన ప్రతి ఖర్చూ శ్రద్ధగా విన్నారు, మంచి ప్రశ్నలు వేశారు. ఎండ గురించి నేను ప్రత్యేకంగా చెప్పాను. ఫెరెట్‌కి చెమట పట్టదు, ఎనభై డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే దానికి ప్రమాదం, టెక్సస్‌లో దాన్ని ఏసీ లేని చోట ఒక్క గంట కూడా ఉంచకూడదని.

"వేసవిలో ఇండియా వెళ్తున్నారా?" అని అడిగాను.

"ఆరు వారాలు పోతున్నమండి."

"మరి బోర్డింగ్?" మనం లేనప్పుడు జంతువుని డబ్బు తీసుకుని చూసుకునే ఏర్పాటుని బోర్డింగ్ అంటాం.

"దానికెందుకండి అంత దండగ? మా దోస్తులు ఉన్నరు, గదే కమ్యూనిటీల. మొక్కలు, మెయిల్ అన్నీ వాళ్ళే చూస్తరు. వాళ్ళు పోతే మేం చూస్తం."

సరేనని బోర్డింగ్ ఖర్చు లెక్కలోంచి కొట్టేశాను. అమెరికాలో మనవాళ్ళ బతుకు సగం ఆ పద్ధతి మీదే నడుస్తుంది. మా ఇంటి తాళం కూడా ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంది.

జూలైలో ఒక శనివారం మధ్యాహ్నం పట్టుచీరలో ఉన్న ఒకావిడ లాండ్రీ బుట్ట పట్టుకుని పరుగున లోపలికి వచ్చింది. బుట్టలో తడి తువ్వాలు, దానిలో బిస్కెట్. ఒళ్ళు వేలాడిపోతోంది, చిగుళ్ళు ఎర్రగా కందిపోయాయి. థర్మామీటర్ పెడితే నూట ఏడు చూపించింది. హీట్ స్ట్రోక్, అంటే వడదెబ్బ. వడదెబ్బ తగిలిన ఫెరెట్‌ని ఐసులో పెట్టకూడదు, మామూలు నీళ్ళతో మెల్లగా చల్లబరచాలి. ఆ పని మా డాక్టర్‌కి అప్పగించి, సన్నటి సూదితో సెలైన్ ఎక్కించడానికి సాయం చేసి, ఆవిడ దగ్గరికి వచ్చాను.

ఆవిడ పేరు శైలజ. సుధాకర్ గారు చెప్పిన దోస్తుల ఇల్లు వాళ్ళదే.

"ఎక్కడ ఉంది ఇది ఇవాళ?" అని అడిగాను. కారణం తెలియకపోతే డాక్టర్ వైద్యం చేయలేరు.

ఆవిడ కాసేపు చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "ఇన్నాళ్ళూ లోపలే ఉందండీ, పిల్లల గదిలో. ఇవాళ మా ఇంట్లో వ్రతం. దీని వాసన మీకు తెలుసుగా. నలుగురూ వస్తారు, పీటల దగ్గర బాగుండదని మా వారు అన్నారు. పొద్దున గరాజ్‌లో పెట్టాం, ఒక్క పూటకే. ఫ్యాన్ కూడా పెట్టానండీ. పేపర్ ప్లేట్లు అయిపోతే తీసుకుందామని వెళ్ళి చూస్తే ఇలా ఉంది."

వాసన వచ్చేవన్నీ గరాజ్‌లోకి పోవడం మన ఇళ్ళలో మామూలే. చేపల పులుసుకి రెండో స్టవ్ అక్కడే ఉంటుంది, కారు బయట ఎండలో ఉంటుంది. ఆ స్టవ్ మా గరాజ్‌లోనూ ఉంది. కానీ జూలైలో ఏసీ లేని ఆ గది పొయ్యి మీద పెట్టిన మూకుడే. చెమట పట్టని జంతువుకి ఫ్యాన్ వేడి గాలిని విసరడం తప్ప ఏమీ చేయదు.

"సుధాకర్ గారు చెప్పలేదా, ఏసీలోనే ఉంచాలని?"

"ఏం చెప్పలేదండీ. తిండి, ఇసక ఇచ్చి, 'మీకు శ్రమ' అని పది సార్లు చెప్పి వెళ్ళారు."

ఎస్టిమేట్ తెచ్చి ముందు పెట్టాను. వైద్యానికి అయ్యే ఖర్చు అంచనా అది, తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత అని రెండు అంకెలుంటాయి. ఎక్కువ అంకె మూడు వేల డాలర్ల దాకా ఉంది. బతుకుతుందన్న నమ్మకం సగం కూడా లేదని ఉన్నమాటే చెప్పాను. వద్దంటే ఒక ఇంజెక్షన్‌తో నొప్పి తెలియకుండా శాశ్వతంగా నిద్రపుచ్చే దారి ఉంది. యజమాని చెప్పాలి. యజమానికి అక్కడ అర్ధరాత్రి దాటింది. శైలజ గారు వాట్సాప్‌లో మళ్ళీ మళ్ళీ చేసింది, ఎవరూ ఎత్తలేదు. ఇక సంతకం పెట్టినవాళ్ళే నిర్ణయానికీ డబ్బుకీ బాధ్యులు.

"ఇది నాది కాదు కదండీ," అంది. కాగితం దగ్గరికి లాక్కుని, "నా ఆపరేషన్‌కి మా చిన్నాడిని రెండు వారాలు వాళ్ళింట్లో పెట్టుకున్నారు. స్కూలుకి దింపి, లంచ్ బాక్స్ కట్టి. దానికి ఎస్టిమేట్ ఎవరేస్తారు?" అని ఎక్కువ అంకె కింద సంతకం పెట్టింది. చేతికి ఇంకా పసుపు ఉంది.

ఆ రాత్రి, అక్కడ తెల్లారాక, వీడియో కాల్ కలిసింది. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ నమస్కారం కూడా చెప్పకుండా, "అన్నయ్యా, నేను గరాజ్‌లో పెట్టాను, నావల్లే," అంది. నిత్య ఫోన్ లాక్కుని "బిస్కెట్, హే బడ్డీ," అని పిలిచింది. అది తల కాస్త ఎత్తింది. మర్నాడు సాయంత్రం కిడ్నీలు పనిచేయడం మానేశాయి. సోమవారం పోయింది.

ఆగస్టులో బిస్కెట్ బూడిద తీసుకోవడానికి రెండు కుటుంబాలూ కలిసే వచ్చాయి. కౌంటర్ దగ్గర సుధాకర్ గారు డబ్బు తిరిగి ఇస్తాననీ, శైలజ గారు పుచ్చుకోననీ, హోటల్లో బిల్లు కోసం మనవాళ్ళు చేసే గొడవే చేశారు. మధ్యలో చిన్న చెక్కపెట్టె ఉంది. నిత్య దాన్నే చూస్తోంది.

"నాన్నా, నీకు తెలుసు కదా?" అంది. "హీట్ బ్యాడ్ అని ఈ ఆంటీ మనకి చెప్పింది. నువ్వు శైలజ ఆంటీకి ఎందుకు చెప్పలేదు?"

"ఊరికే చూస్తమన్నరు కదరా. మళ్ళ పైనుంచి ఇక్కడ పెట్టండి, అక్కడ పెట్టొద్దు అని ఎట్ల చెప్తం? బాగుండదు."

"అది చెప్తే రూడ్ అనా?"

"అట్లాంటిదే."

ఆ పిల్ల పెట్టె తీసుకుని గుండెకి ఆనించుకుని కారు దగ్గరికి వెళ్ళిపోయింది. శైలజ గారు బూడిద ఖర్చుకని తీసిన కార్డు పర్సులో పెట్టేసుకుంది. "నేనైనా అడగాల్సింది అన్నయ్యా," అంది మెల్లగా. "వెకేషన్‌లో ఉన్నారు, దీనికోసం ఫోన్ చేసి విసిగించడం ఎందుకులే అనుకున్నాను." ఆ పిల్లని చూసి నాకు బాధేసింది. సుధాకర్ గారి మీద కోపం కూడా వచ్చింది, కానీ ఆయన ముఖం చూశాక నిలవలేదు.

బోర్డింగ్ ఖర్చు ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. అక్కడ మనవాళ్ళకన్నా బాగా చూస్తారని కాదు. డబ్బు ఇచ్చిన చోట నోరు తెరిచి చెప్పగలం, పుచ్చుకున్నవాళ్ళు నోరు తెరిచి అడగగలరు. ఊరికే చేసే సాయంలో రెండు వైపులా మొహమాటమే. బిస్కెట్‌ని చంపింది ఎండ ఒక్కటే కాదు.

ఇప్పుడు బడ్జెట్ మాట్లాడేటప్పుడు ఎవరైనా "మా ఫ్రెండ్స్ ఉన్నారండీ" అంటే, సంతోషమే అంటాను. ఇక్కడినుంచే ఆ ఫ్రెండ్స్‌కి ఫోన్ చేయమంటాను. మొన్న ఒకాయన ఫోన్ చేతిలో పట్టుకుని నవ్వాడు.

"ఇంటికెళ్ళి మెల్లగా చెప్తాలెండి. వాళ్ళేమనుకుంటారో."

"ఇప్పుడే చెప్పండి," అన్నాను. "'ఇంట్లోనే ఉంచండి, ఒక్క పూటైనా గరాజ్‌లో పెట్టకండి.' అంతే."

ఆయన కొంచెం ఇబ్బందిగా కదిలాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. చివరికి నంబర్ నొక్కాడు.