సారు సంతకం

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. ట్రాఫిక్ సర్వేలు చేసే ఆఫీసులో ఉద్యోగం వచ్చిందని, హైటెక్ సిటీలో చేరిన నేస్తాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాను. ఫిల్మ్‌నగర్‌లో కట్టబోయే గోదాముతో ట్రాఫిక్ ఎంత పెరుగుతుందో తేల్చడం నా మొదటి పని. ఆఫీసుల వేళ బండ్లు లెక్కపెట్టి, ఇబ్బంది లేదని రాసిచ్చాను.

మా పెద్దసారు ఏ రిపోర్టు మీదా ఆఫీసులో సంతకం పెట్టేవారు కాదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆ చోటుకే వెళ్లి నిలబడేవారు.

"పొద్దుగాల అయిదింటికి రా బిడ్డా" అన్నారు.

వెళ్లాను. గోదాము గేటు రావాల్సిన చోట, మసక చీకట్లో, షూటింగ్ బస్సు కోసం జూనియర్ ఆర్టిస్టులు రోడ్డు మీదే గుంపుగా నిలబడ్డారు. వాలులో జనరేటర్ వ్యాన్ దూసుకొచ్చింది. ఒకామె కూతుర్ని వెనక్కి లాక్కుంది.

"గోదాము లారీలు గూడ గీ టైముకే బయటికొస్తయ్. వీళ్లను లెక్కల రాసినవా?" నాకంటే ముందే వచ్చి నిలబడ్డ సారు అడిగారు.

"లేదు సార్. నా నౌకరి పోతదా?"

"నీ నౌకరి ఫికర్ తర్వాత. ముందుగాల గా పిల్ల బతకాలె."

మరో వ్యాన్ లైట్లు కనిపించాయి. సారు గుంపు ముందుకెళ్లి, రోడ్డుకు చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డారు. నేను మనుషుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాను.